మూడు పనుల జపాను కత్తి

వంటశాలల్లో కొత్తగా పనికి చేరేవాళ్ళు నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "సారూ, ఒక్కటే కత్తి కొనుక్కోవాలంటే ఏది కొనాలె?" అంటారు. బొంబాయి నుంచి అక్కడొకటి ఇక్కడొకటి వస్తున్న జపాను కత్తుల మాట వాళ్ళ చెవిన పడింది. కూరగాయలకు, చేపకు, మాంసానికి అదొక్కటే సరిపోతుందట, నిజమేనా అంటారు.

నిజమే. అలాంటి కత్తి ఒకటి నేను చూసిన వంటశాలలో కొంతకాలం ఉంది. దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా చూసుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను. కాని అది ఎలా పాడైందో చెప్పకుండా ఎలా కొనాలో మాత్రం చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

పోలీసు చర్య జరిగిన కొత్తలో కరీంనగర్‌లో ఒక మెస్సులో చేరాను. ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో ఒక ప్లైవుడ్ కార్ఖానా క్యాంటీను చూసుకుంటూ రిటైరయ్యాను. మధ్యలో ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ కాగితం ఇచ్చారు అన్నవి ఇక్కడ రాయను. ఆ కాగితాలు పెట్టెలో ఉన్నాయి. చెదలు చదువుకుంటాయి.

మొద్దు కత్తి

కరీంనగర్ మెస్సులో వంట మహబూబ్ భాయిది. సరుకులు, వడ్డన నావి. ఒక రోజు మనుషులు తక్కువై నేనే వంకాయలు కోయడానికి కూర్చున్నాను. చాకు మొద్దుగా ఉంది. పదును లేదు కాబట్టి భయం లేదనుకుని గట్టిగా నొక్కాను. అది వంకాయ మీద జారి నా వేలి మీద దిగింది. మహబూబ్ భాయి గుడ్డ చింపి కట్టు కడుతూ నవ్వాడు.

"రాజయ్యా, పదునున్న కత్తి నువ్వు పెట్టిన కాడ కోస్తది. మొద్దు కత్తి దానికి ఇష్టమున్న కాడ కోస్తది. జర యాది పెట్టుకో."

కత్తుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. ఇన్నేళ్ళలో దాన్ని మించిన పాఠం వినలేదు.

రెండో పాఠం కూడా ఆ మెస్సులోనే దొరికింది. అవి మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజులు. మహబూబ్ భాయి చేతి వంట తాము తినేది లేదని కొందరు కచేరీ ఉద్యోగులు మెస్సు యజమానితో అన్నారు. యజమానికి గిరాకీ పోకూడదు, అలాంటి వంటవాడూ పోకూడదు. అందుకని వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఒక గోనె తెర కట్టించాడు. వంటవాణ్ణి మార్చినట్టు ప్రచారం చేశాడు. అదే పప్పు, అదే పుంటికూర, అదే చెయ్యి. ఆ ఉద్యోగుల్లో ఒకాయన వేళ్ళు నాక్కుంటూ నాతో అన్నాడు, "ఇప్పుడు రుచి వచ్చింది. ఎవలో శుద్ధమైనోడు వండుతున్నట్టున్నది."

నేను లోపలికి వెళ్ళి ఈ మాట చెప్పాను. మహబూబ్ భాయి గరిటె తిప్పడం ఆపలేదు.

"నా చెయ్యి తెర ఎనుకకు పోంగనే కులం మారింది భాయి. గింత అల్కగ మారుతదని ఎర్కుంటే ఎప్పుడో మార్చుకుందును."

ఆ రోజుల్లో ఆదివారాలు నేను పఠనాలయంలో జరిగే చర్చలకు వెళ్ళేవాణ్ణి. తిండికి కులం లేదు, మంటకు మతం లేదు, నీటికి అంటు లేదు అని మాట్లాడేవాణ్ణి. నా మాటల్లో వేడి ఉండేది. చప్పట్లు కొట్టేవాళ్ళు. చర్చ ముగిశాక ఆ చప్పట్లు కొట్టిన వాళ్ళలో కొందరు నేరుగా మా మెస్సుకు వచ్చి, గోనె తెరకు ఇవతల కూర్చుని తినేవాళ్ళు. చప్పట్ల విలువ నాకు అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు.

వసారా

రాష్ట్రాలు కలిసిన తర్వాత చెన్నూరు వైపు అడవిలో కట్టిన ప్లైవుడ్ కార్ఖానాలో క్యాంటీను బాధ్యత నాకు దొరికింది. మహబూబ్ భాయిని కూడా తీసుకుపోయాను. కార్ఖానా పేరు చెప్పను. అక్కడ జరిగింది ఆ ఒక్క కార్ఖానా గొప్పతనం కాదు.

క్యాంటీనులో రెండు పొయ్యిలు. ఒకటి శాకాహారులది, ఒకటి మాంసం తినేవాళ్ళది. రెండు వరుసల గిన్నెలు, రెండు కత్తిపీటలు. దీన్ని నేను తప్పు పట్టను. మాంసం తినని మనిషికి మాంసం వాసన లేని అన్నం పెట్టడం వడ్డించేవాడి ధర్మం.

లచ్చవ్వ అక్కడ అంట్లు తోమేది. ఆమె భర్త కార్ఖానాలో టేకు మొద్దులు దింపేవాడు. ఒక మొద్దు దొర్లి మీద పడి చనిపోయాడు. దానికి బదులుగా ఆమెకు ఈ పని ఇచ్చారు. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తే నీళ్ళు పట్టుకున్న కులంలో పుట్టింది. నోరు మాత్రం ఎవరికీ దూరంగా ఉండేది కాదు.

కూరగాయలు కోసే ముసలామె పని మానేసినప్పుడు ఆ పని లచ్చవ్వకు ఇచ్చాను. శాకాహార పంక్తిలో కొందరు గొణిగారు. కోసిన కూర మళ్ళీ కడుగుతాం, ఆపైన నిప్పు మీద ఉడుకుతుంది, ఇంకా ఏం మిగులుతుందని వాదించాను. చివరికి ఒప్పుకున్నారు, కాని ఆమె గడప దాటి లోపలికి రాకూడదన్నారు. వెనక వసారాలో కత్తిపీట ముందు కూర్చుని కోసేది. లోపలి మనిషి వచ్చి, గంప మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించి, అప్పుడు ముట్టుకుని లోపలికి తీసుకుపోయేవాడు. ఇది ఒక మెట్టు, తర్వాతి మెట్టు తర్వాత ఎక్కిద్దాం అనుకున్నాను.

వందల మందికి సరిపడా కూర కోయడం అంటే తెల్లవారినప్పటి నుంచి ఒక కాలు మడిచి, ఒక కాలితో పీటను తొక్కి పట్టి కూర్చోవడమే. లేచేటప్పుడు లచ్చవ్వ గోడ పట్టుకుని లేచేది.

"మోకాళ్ళు నాయి కావు సారూ," అనేది. "కార్ఖాన ఖాతల రాసుకోండ్రి."

జపాను సారు

మొద్దును గిర్రున తిప్పుతూ కాగితం లాంటి పొర ఒలిచే యంత్రం ఒకటి జపాను నుంచి వచ్చింది. దాన్ని బిగించడానికి యమదా అనే మనిషి వచ్చాడు. మెకానిక్. మితభాషి. మా భాష రాదు, మా ఇంగ్లీషు అతనికి అర్థం కాదు, అతని ఇంగ్లీషు మాకు అర్థం కాదు. 'అచ్ఛా', 'బస్', 'నీళ్ళు' అన్న మూడు మాటలతో ఒక వర్షాకాలం గడిపాడు.

మా కారం అతనికి పడలేదు. నాలుగో రోజున గోదావరి బొచ్చె చేపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో తన కత్తితో క్యాంటీనుకు వచ్చాడు. లోపల జాగా లేదు. వసారాలో నడుము ఎత్తు బల్ల ఒకటి ఉంటే దాని మీద చెక్క పలక వేసుకుని నిలబడి కోసుకున్నాడు. చేప అయ్యాక కత్తి కడిగాడు, తుడిచాడు. లచ్చవ్వ గంపలోంచి ఒక ఉల్లిగడ్డ, ఒక ఆనిగెపుకాయ ముక్క తీసుకుని అదే కత్తితో అదే పలక మీద తరిగాడు. ఉల్లిగడ్డ పొరలు అద్దంలా వచ్చాయి. కళ్ళు మండలేదు. పదునైన కత్తి అలుగు ఉల్లిని నలపదు, కోస్తుంది. నలిగితేనే కళ్ళు మండేది.

కత్తిని చూపించి మూడు వేళ్ళు ఎత్తాడు. చేపను, మాంసం పొయ్యిని, కూరగాయల గంపను వరసగా చూపించాడు. మూడు పనులకూ ఒకటే అని.

లచ్చవ్వ కత్తిపీట దగ్గరి నుంచి తల ఎత్తి చూసింది. "నిలవడి కోస్తుండు చూడుండ్రి. గీ సారుకు మోకాళ్ళు దేవుడు ఇచ్చినయి ఇచ్చినట్టే ఉన్నయి."

అతను ఆమెను పిలిచాడు. 'ల' పలకదు అతనికి. "రచ్చవ్వ" అన్నాడు.

మహబూబ్ భాయి లోపలి నుంచి పకపకా నవ్వాడు. "అరే, భాష రాకున్నా మనిషిని సరిగనే పట్టిండు."

"నవ్వు, నవ్వు మహబూబన్నా. నీ పేరు పిలిచే దినం నేను నవ్వుత."

ఆ రోజు నుంచి ఆమె బల్ల దగ్గర నిలబడి కోయడం నేర్చుకుంది. వేళ్ళ కొసలు లోపలికి మడిచి, కణుపులకు అలుగు ఆనించి, కత్తిని నొక్కకుండా ముందుకు తోయాలి. అతను చూపించేవాడు, ఆమె చేసేది. తప్పు చేస్తే "బస్" అనేవాడు. సరిగ్గా చేస్తే "అచ్ఛా" అనేవాడు. పని అయ్యాక కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి మేకుకు తగిలించేది.

యంత్రం బిగించడం పూర్తయింది. వెళ్ళిపోయే రోజు అతను వసారాకు వచ్చాడు. కత్తిని గుడ్డలో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, లచ్చవ్వకు ఇచ్చాడు. ఆమె తన అలవాటు ప్రకారం రెండు చేతులూ దోసిలి పట్టి కిందికి పెట్టింది, పైనుంచి వేస్తాడని. అతను వేయలేదు. ఆమె చేతులు పైకి వచ్చేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.

అప్పటిదాకా ఆమె చేతికి ఎవరూ దేన్నీ అలా అందించలేదు. జీతం కూడా పైనుంచి పడేది.

ఎంచుకోవడం

ఇక మీరు అడిగిన ప్రశ్నకు జవాబు.

అలుగు ఏడంగుళాలు ఉంటే చాలు. అంతకంటే పొడుగైతే ఇరుకు వంటిళ్ళలో తిరగదు, పొట్టిదైతే గుమ్మడికాయ, క్యాబేజీ దాటదు. అలుగు వెడల్పు చూడండి. పిడి పట్టుకుని పలక మీద ఆనించినప్పుడు మీ వేళ్ళ కణుపులు పలకకు తగలకూడదు. అంచు కొంచెమే వంపుగా ఉండాలి. కూరను తోస్తూ కోయడానికి ఆ కొంచెం వంపు చాలు. అంచుకు పైవైపున ఉండే వెన్ను సన్నగా ఉండాలి. లావు వెన్ను ఉన్న కత్తి కూరను చీలుస్తుంది, కోయదు.

లోపల గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఇనుము వేసి కొట్టినవి మంచివి. ఇవి తుప్పు పడతాయి. మామిడికాయ, చింతకాయ కోస్తే నల్లబడతాయి. నలుపుకు భయపడకండి, తుప్పుకు భయపడండి. కోసిన వెంటనే కడిగి తుడిచే ఓపిక లేనివాళ్ళు తుప్పు పట్టని ఉక్కుదే కొనుక్కోండి. అందులో నామోషీ లేదు. ఓపిక లేకుండా మంచి కత్తి కొనడంలో ఉంది నామోషీ.

దుకాణంలో మెరుపు చూడకండి. అలుగు మీది చెక్కడాలు కూర కోయవు. కత్తిని వెలుతురుకు ఎదురుగా పట్టి అంచును చూడండి. అంచు మీద తెల్లటి గీత మెరిస్తే అక్కడ మొద్దు. వెన్ను వెంబడి ఒక కన్ను మూసి చూడండి, వంకర తెలుస్తుంది. పిడికి, అలుగుకు మధ్య వేలి మీద నిలబెట్టండి. అటో ఇటో మరీ వాలిపోతే సాయంత్రానికి మీ మణికట్టు చెబుతుంది.

ఎముక మీద వేయకండి. మూడు పనుల కత్తి అంటే నాలుగో పని కూడా చేస్తుందని కాదు. ఎముకకు వేరే మచ్చుకత్తి ఉండాలి. బండ మీద కోయకండి, చెక్క మీద కోయండి. వీధిలో చక్రం తిప్పుతూ వచ్చే సానవాడికి ఇవ్వకండి. నీళ్ళలో నానబెట్టిన సానరాయి మీద మీరే పట్టుకోండి.

ఇంకొక మాట. నిప్పు దగ్గరికి పోనివ్వకండి. ఈ మాట ఏ దుకాణదారుడూ చెప్పడు. చెప్పాల్సిన అవసరం వస్తుందని అతను ఊహించడు.

చర్చలో గెలిచాను

దసరా దగ్గరపడింది. మా దిక్కు దసరాకు పనిముట్లన్నిటినీ కడిగి, బొట్టు పెట్టి, వరసగా పేర్చి పూజ చేస్తారు. కార్ఖానాలో రంపాలు, సుత్తులు, యంత్రం అలుగు, క్యాంటీను కత్తులు అన్నీ పూజకు వచ్చేవి. ఆ పూజ పెద్దరికం స్టోరు గుమాస్తా నరహరి గారిది.

నరహరి చెడ్డవాడని మీరు అనుకుంటే ఈ కథ నుంచి ఏమీ నేర్చుకోలేరు. కూలీలకు జ్వరం వస్తే తన ఇంటి నుంచి గంజి పంపేవాడు. ఒకరి వస్తువు ముట్టేవాడు కాదు. శాకాహార పంక్తిలో కొందరు ఆయన దగ్గరికి పోయి, చేప కోసిన కత్తితోనే మాకు కూర కోస్తున్నారు, ఆ కత్తిని పూజలో ఎలా పెడతారు, లచ్చవ్వను ఆ పని నుంచి తీసేయించండి అన్నారు. యమదా పోయినప్పటి నుంచి ఆ కత్తి చేపను ముట్టలేదు. కూరలకే వాడుతున్నాం. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

మేనేజరు భోజనాల గదిలో సభ పెట్టాడు. నేను సిద్ధమై పోయాను. ఒక గిన్నెలో మరిగే నీళ్ళు, బూడిద, సబ్బు తెప్పించాను. అందరి ముందు కత్తిని కడిగి, తుడిచి, వాసన చూడమన్నాను. ఉక్కులో చేప దూరదని చెప్పాను. మీరు తాగే నీళ్ళు గోదావరివి, గోదావరిలో చేపలు లేవా అని అడిగాను. వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా నవ్వి, కత్తి ఉంటుంది, లచ్చవ్వ కూడా ఉంటుంది అన్నాడు.

నరహరి మాత్రం నెమ్మదిగా అన్నాడు, "రాజయ్యగారూ, మీరు చెప్పింది శాస్త్రమే. నేను కాదంటలేను. కాని వాళ్ళ మనసుకు శాస్త్రం చెప్పుతే వినదు. పూజల పెట్టేముందు ఒక శుద్ధి చేసుకుంటే సరిపోతది."

"కడిగింది శుద్ధి కాదా నరహరిగారూ?"

"మీకు శుద్ధే."

"అయితే ఇంకో శుద్ధి ఎందుకు? ఒద్దు. ఇయ్యాల దీనికి ఒప్పుకుంటే రేపు ఇంకోటి అడుగుతరు."

"చూద్దాం, చూద్దాం," అని మేనేజరు లేచాడు. సభ ముగిసింది.

వసారాలో లచ్చవ్వ ఎదురుచూస్తూ ఉంది. గెలిచామని చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గెలిస్తే గెలిస్తిరి గని సారూ, నన్నెందుకు పిలవలే గా సభకు? పంచాయితి నాదే గదా."

ఆ భోజనాల గదిలోకి ఆమె రాకూడదన్న సంగతి ఆ పూట అంత మాట్లాడిన నా నోటికి రాలేదు.

శుద్ధి

పండగ ముందు రోజు చింతపండుకు, పప్పుకు నేను కరీంనగర్ అంగడికి పోయాను. బస్సు ఆలస్యమై, తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయింది. పనిముట్లు ఇంకా వరసలోనే ఉన్నాయి. జపాను కత్తి మీద కూడా కుంకుమ ఉంది. కాని అలుగు రంగు మారింది. ఒక చోట నెమలి మెడ నీలం, ఒక చోట బూడిద రంగు. పిడి మొదట్లో చెక్క మాడి ఉంది.

"ఏమైంది దీనికి?" అన్నాను.

మహబూబ్ భాయి నా మొహం చూడకుండా చెప్పాడు. "పొయ్యిల వెట్టిండ్రు. ఎర్రగ అయ్యేదాక. నేను వద్దంటే, లోహానికి అగ్గే శుద్ధి, నీకు తెల్వదు పక్కకు జరుగన్నరు."

నీళ్ళు చల్లి ఊరుకుని ఉంటే బాగుండేది. నీళ్ళకు ఉక్కు చెడదు. ఎర్రగా కాల్చి బూడిదలో మెల్లగా చల్లారనిచ్చిన ఉక్కు చెడుతుంది. కమ్మరి ఎంతో నేర్పుతో దానికి పట్టించిన గట్టిదనం అంతా పోతుంది. చూడడానికి కత్తే. లోపల మెత్తటి రేకు. ఊరిలో ఏ కమ్మరిని అడిగినా చెబుతాడు. ఎవరూ అడగలేదు.

నరహరి దగ్గరికి కోపంగా పోయాను. ఆయన ఆశ్చర్యపడ్డాడు.

"నేను ఆమె కోసమే చేసిన రాజయ్యగారూ. సభల మీరు గెలిచిండ్రు. బయట వాళ్ళు పది మంది కలిసి తినుడు మానేస్తమన్నరు. అట్లయితే మేనేజరు ఎవల్ని తీసేస్తడు? ఆమెనే గదా. శుద్ధి చేసిన కత్తి, దాంతోని ఆమె తప్ప ఎవరూ కొయ్యరు, ఆమె అది తప్ప వేరేది ముట్టది అని వాళ్ళను ఒప్పించిన. ఇప్పుడు ఆమె పని పోదు."

నిజంగానే అలా ఒప్పించాడు. ఆయన దయ నిజమే. బుద్ధిని పక్కకు పెట్టిన దయ పొయ్యిలో ఏం పెడుతున్నదో చూడదు.

తిరిగి క్యాంటీనుకు వస్తూ ఆ పూజ వరసను ఇంకోసారి చూశాను. జపాను కత్తి పక్కనే మహబూబ్ భాయి మచ్చుకత్తి ఉంది. మేకలను కొట్టే కత్తి. పండగకు కొట్టిన మేక కొవ్వు పిడి సందులో ఇంకా ఉంది. దానికి అంత పెద్ద కుంకుమ బొట్టు. దాన్ని ఎవరూ కాల్చలేదు. కాల్చమని ఎవరూ అడగలేదు. ప్రతి ఏడూ అది ఆ వరసలోనే ఉంది, నేనూ చూస్తూనే ఉన్నాను.

సభలో నేను మాట్లాడిందంతా చేప గురించి. వాళ్ళ బాధ చేప కాదు. వాళ్ళు దానికి చేప అని పేరు పెట్టారు, నేను ఆ పేరుతో యుద్ధం చేసి గెలిచాను. వాదానికి దిగే కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఇదే: ఎదుటివాడు చెప్పిన కారణాన్ని ఓడించడం తేలిక. అతను ఓడిపోయినప్పుడు కూడా ప్రశాంతంగా ఉన్నాడంటే, అసలు కారణం ఇంకెక్కడో భద్రంగా ఉందని అర్థం.

గుమ్మడికాయ

ఇక లచ్చవ్వ పని ఆ ఒక్క కత్తి మీద ఆధారపడింది. అది తప్ప వేరేది ముట్టకూడదు. ఆమె కత్తిపీట అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. నేను సానరాయి మీద పట్టేవాణ్ణి. నాలుగు వంకాయలు కోసేసరికి అంచు మడత పడేది. మహబూబ్ భాయి దాన్ని చెన్నూరు కమ్మరి దగ్గరికి తీసుకుపోయాడు. రెండు రకాల లోహం కలిపి కొట్టిన సరుకు, నేను మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరిస్తే పగులుతుంది, పాపం నాకొద్దని అతను తిప్పి పంపాడు.

కొత్త కత్తి కొందామని మేనేజరును అడిగాను. "మళ్ళ కొత్త కత్తా? మళ్ళ శుద్ధా? మళ్ళ సభనా? నడుస్తుంది కద, నడవనీ," అన్నాడు. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి నన్ను చూస్తేనే గడియారం చూసుకునేవాడు.

యమదా నేర్పిన పని ఆమె చెయ్యి మెల్లమెల్లగా మరిచిపోయింది. తోసే చోట నొక్కడం మొదలుపెట్టింది. మొద్దు కత్తి మనిషికి చెడ్డ అలవాట్లు నేర్పుతుంది.

"గిది కోస్తలేదు సారూ. కూర మీద పండుకుంటుంది," అనేది. "శుద్ధి చేసినంక దీనికి గూడ ఒళ్ళు బరువైంది."

ఒక రోజు ఏదో తనిఖీకి పెద్ద అధికారులు వచ్చారు. దప్పళానికి గుమ్మడికాయలు తెప్పించారు. తోలు ముదిరిన కాయలు. ఆమె ఎడమ చేత్తో కాయను అదిమి పట్టి, ఒంటి బరువంతా కత్తి మీద వేసింది. అలుగు తోలు మీద జారింది. లోపల ఉన్న నాకు ఏ చప్పుడూ వినపడలేదు. "మహబూబన్నా" అని ఒక్క పిలుపు వినపడింది, మెల్లగా.

ఎడమ చేతి రెండు వేళ్ళు నరాల దాకా తెగాయి. కార్ఖానా కంపౌండరు కుట్లు వేశాడు. గాయం మానింది. వేళ్ళు మడవడం రాలేదు.

ఆ రాత్రి మహబూబ్ భాయి అన్నం తినలేదు. కరీంనగర్‌లో నాకు చెప్పిన మాటను మళ్ళీ చెప్పలేదు. ఇద్దరికీ గుర్తుంది.

శాకాహార పంక్తిలో అనుకున్న మాట తెల్లారేసరికి నా దాకా వచ్చింది. "శుద్ధి చేసినా దోషం ఆగలే. దేవి ఒప్పుకోలే." నరహరి ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు. లచ్చవ్వకు ఆవరణ ఊడ్చే పని ఇచ్చారు. ఒక చేత్తో చీపురు పట్టి ఎండాకాలం దాకా ఊడ్చింది. తర్వాత చెన్నూరులో తమ్ముడి ఇంటికి పోయింది.

ఆమె స్థానంలో వచ్చిన మనిషికి గడప లోపలే జాగా ఇచ్చారు. మామూలు చాకు ఒకటి ఇచ్చారు. మాంసం పొయ్యి దగ్గర చాకు కనపడకపోతే మహబూబ్ భాయి దాన్నే తీసుకుని చేప కోసి, కడిగి, తిరిగి ఇచ్చేవాడు. అందరూ చూశారు. నేను రిటైరయ్యేదాకా దాని గురించి ఎవరూ సభ పెట్టలేదు. జపాను కత్తి స్టోరులో గోనె సంచుల దారాలు తెంపడానికి పనికొచ్చింది.

చెన్నూరు

ఉద్యోగం ముగిసిన రోజు దండ వేశారు. మాట్లాడమంటే రెండు మాటలతో సరిపెట్టాను. స్టోరుకు పోయి ఆ కత్తి ఇమ్మని అడిగాను. "గా పనికిరాని దాన్ని ఏం చేసుకుంటరు?" అన్నారు. గుడ్డలో చుట్టుకుని చెన్నూరు బస్సెక్కాను.

లచ్చవ్వ తమ్ముడి ఇంటి ముందు చాప మీద కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. బీడీ చుట్టడానికి పది వేళ్ళూ కావాలి. ఆమెవి ఎనిమిదే పనిచేస్తాయి. అందుకని మరదలు చుడుతుంది, ఆమె ఆకు కత్తిరిస్తుంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. గోడ పట్టుకుని లేచింది.

"మహబూబన్న మంచిగున్నడా?"

"ఉన్నడు. కండ్లు సరిగ కనవడ్తలేవు."

"గా కండ్లతోని ఇంక ఏం సూడాలె తియ్యుండ్రి."

గుడ్డ విప్పాను. యమదా పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకున్నాను. నాకు అది అలవాటు లేని పని. చేతులు సరిగ్గా రాలేదు.

"ఇది నీ కత్తి లచ్చవ్వా. ఆ సారు నీకిచ్చింది. కార్ఖానల ఎందుకుండాలె?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. నీలం రంగు మరకను చూసింది. అతను నేర్పినట్టే బొటనవేలును అంచుకు అడ్డంగా, మెల్లగా ఆనించి చూసింది. తర్వాత మళ్ళీ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"గిది నాది కాదు సారూ. నాదాన్ని ఆ దసరకే కాలవెట్టిండ్రు."

చాప మీద కూర్చుని కత్తెర అందుకుంది.

"తీస్కపోండ్రి. ఇంట్ల పిల్లలుంటరు, అందకుంట పెట్టుండ్రి. కోయని కత్తి, ఎవల్దన్న ఏలు కోస్తది."